పురిటి గదిలో వేపపొగ

గుంటూరు నుంచి విడిపోయి పల్నాడు వేరే జిల్లా అయిన ఏడాది జూన్‌లో నన్ను నూజెండ్ల వైపు ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి హెల్త్ సూపర్‌వైజర్‌గా వేశారు. ఈ ఉద్యోగం ఏమిటో బయటివాళ్లకు పెద్దగా తెలియదు. పైన వైద్యాధికారి ఉంటారు. కింద ఏఎన్ఎమ్‌లు, హెల్త్ అసిస్టెంట్లు, వాళ్లకు కింద ఊళ్లో ఆశా కార్యకర్తలు. సూపర్‌వైజర్ మధ్యలో ఉంటాడు. మందు రాసే అధికారం లేదు, సూది వేసే పని లేదు. రోజుకో ఊరు తిరిగి, కిందివాళ్లు చేశామన్న పని చేశారా లేదా చూసి సంతకం పెట్టాలి. ఊరివాళ్లను కూడగట్టి నాలుగు మంచి మాటలు చెప్పాలి.

ఈ రెండో పనిలో నాకు పేరుండేది. అంతకుముందు చాలా ఏళ్లు మలేరియా విభాగంలో చేశాను. దోమ గురించి ఉన్నది ఉన్నట్టు చెబితే మొదటి నిమిషంలోనే జనం లేచిపోతారని అక్కడే నేర్చుకున్నాను. కాస్త తాలింపు వేసి చెబితే పక్క బజారు వాళ్లు కూడా వచ్చి కూర్చుంటారు. మా ఫార్మసిస్టు నన్ను, వరి పండని మండలంలో కూడా కోతలు ఆపని మనిషి అనేవాడు. నేను దాన్ని మెప్పుగానే తీసుకున్నాను.

నవంబరులో ఒక మంగళవారం ఉదయం ఆశా మస్తాన్‌బీతో కలిసి ఒక పసిబిడ్డను చూడటానికి వెళ్లాను. ఆసుపత్రిలో కాన్పయి ఇంటికి వచ్చిన బిడ్డను ఆశా మూడో రోజు, ఏడో రోజు, పద్నాలుగో రోజు, అలా నలభై రెండో రోజు వరకు ఆరుసార్లు ఇంటికి వెళ్లి చూడాలి. బరువు, జ్వరం, బొడ్డు, పాలు తాగే తీరు, శ్వాస. వాటిలో కొన్నిసార్లు సూపర్‌వైజర్ కూడా వెంట ఉండాలి. మగవాణ్ని పురిటి గదిలోకి రానివ్వరు కాబట్టి ఆచరణలో నా పని వసారాలో ప్లాస్టిక్ కుర్చీ మీద కూర్చుని, లోపలి నుంచి ఆశా చెప్పే అంకెలు కాగితం మీద వేసుకోవడం.

ఆ రోజు బిడ్డకు పద్నాలుగో రోజు. తల్లి శిరీషకు తొలి కాన్పు, పుట్టింటికి వచ్చింది. భర్త మాచర్లలో ట్రాక్టర్ మెకానిక్. ఇంట్లోవాళ్లందరూ పత్తి తీతకు పోయారు. పురిటి గది బాధ్యత శిరీష నాయనమ్మ కోటమ్మది. డెబ్బై దాటిన మనిషి, ఆ బజారులో ఆవిడ చేతుల మీదుగా పెరగని పిల్ల లేదు.

వసారా మూలన గ్యాస్ బండ ఉంది గానీ దాని మీద బోర్లించిన గిన్నెలు చూస్తేనే తెలుస్తుంది, అది చుట్టాలు వస్తే టీ పెట్టడానికని. స్నానాల నీళ్లు కట్టెల పొయ్యి మీద కాగుతున్నాయి. పొయ్యిలో నిరుటి పత్తి కట్టె. ఆ పొగ బయటికి పోకుండా రేకుల కింద తిరిగి, సరిగ్గా పురిటి గది తలుపు సందులోంచి లోపలికి పోతోంది.

మస్తాన్‌బీ లోపలికి వెళ్లిన కాసేపటికే కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని దగ్గుతూ బయటికి వచ్చింది.

“సార్, లోపల బిడ్డే కనపడట్లా. కళ్లు మండుతున్నై. పొట్ట మీద చెయ్యి పెట్టి లెక్కేద్దామని చూశా. యాభై దాకా వచ్చి తప్పిపోయా. ఊపిరి చానా తొందరగా తీస్తన్నాడు సార్.”

గది ఎలా ఉందో గుమ్మం దగ్గర నిలబడే అడిగి తెలుసుకున్నాను. ఉన్న ఒక్క కిటికీకి గోనెసంచులు కుక్కారు. నులక మంచం కింద బొగ్గుల కుంపటి. అందులో సాంబ్రాణి, వాము, వెల్లుల్లి పొట్టు వేయడం ఈ ప్రాంతంలో అందరూ చేసేదే, అదీ స్నానం తర్వాత కాసేపు. కానీ ఇక్కడ వాటి మీద పచ్చి వేపాకు కూడా వేస్తున్నారు, కుంపటి రోజంతా మంచం కిందే ఉంటోంది. లోపలి నుంచి శిరీష గొంతు వినిపించింది.

“నాయనమ్మా, తల పగిలిపోతందే. మళ్లీ వాంతొచ్చేట్టుంది.”

“పచ్చి బాలింతవి, తల నొయ్యకుండా ఉంటదా? చెవుల్లో దూది సరిగ్గా పెట్టుకో,” అంది కోటమ్మ.

రెండు నెలల లోపు బిడ్డ నిమిషానికి అరవై సార్లు గానీ అంతకు మించి గానీ ఊపిరి తీస్తే ప్రమాదం కింద లెక్క. ఒకసారి లెక్కించి వదలకూడదు, రెండోసారి కూడా లెక్కించాలి. రెండుసార్లూ అలాగే ఉంటే ఆసుపత్రికి పంపాలి. తల్లికి తలనొప్పి, వాంతులు, మంచం కింద బొగ్గులు. బిడ్డకు ఎగ శ్వాస. పెద్దమ్మా, ముందు కుంపటి బయట పెట్టించు, కిటికీ తియ్యి, బిడ్డను వెలుగులోకి తెస్తే చూస్తాం అన్నాను.

కోటమ్మ నడుము మీద చెయ్యి వేసి నన్ను కింద నుంచి పైదాకా చూసింది.

“పొగ ఎయ్యమంది నువ్వే గదయ్యా!”

నాకు అర్థం కాలేదు.

“వానల్లో డెంగీ జరాలప్పుడు సచివాలయం ముందు నిలబడి చెప్పలా? వేపపొగ తగిలితే దోమ దగ్గుకుంటా దగ్గుకుంటా ఎగిరి వినుకొండ కొండెక్కి కూర్చుందని! దాని దగ్గు వినపడి కొండ మీద కోతులు పక్కకు జరిగినయ్యని! మీ ఊళ్లో ముసలాయనొకడు పగలూ రాత్రీ వేపపొగ ఏసి తొంభై ఏళ్లు జరమనేది ఎరగడని! మా బజారంతా నవ్వి నవ్వి చచ్చాం. నవ్వినా నేను మర్చిపోలా. పసిగుడ్డుకు దోమ కుట్టగూడదని రోజూ మూడు పూటలా ఏస్తన్నా.”

ఆ మాటలు నావే. ఒక్క ముక్క పొల్లు పోకుండా చెప్పింది. వేపాకు పొగ సాయంత్రం పూట వాకిట్లో, తలుపులు తీసి, కాసేపు అని నేను చెప్పి ఉండాల్సింది. చెప్పానేమో కూడా. కానీ దోమ కొండెక్కిన తర్వాత ఆ ముక్క ఎవరికి గుర్తుంటుంది?

వసారా అరుగు దగ్గరికి అప్పటికే ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లు వచ్చి నిలబడ్డారు. సర్కారు ఉద్యోగి ఊళ్లో మాట మార్చుకుంటే మర్నాటి నుంచి టీకా వేయడానికి వెళ్లినా అనుమానంగానే చూస్తారు. అయినా తప్పించుకునే దారి నాకు కనపడలేదు. అప్పుడు చెప్పింది కోత పెద్దమ్మా అన్నాను. ఆ ముసలాయన లేడు, ఆ దోమా లేదు, నవ్విద్దామని కల్పించాను. దోమకు పొగ పడకపోతే ఎగిరిపోతుంది, బిడ్డ ఎటు ఎగురుతాడు అన్నాను.

“ఓహో. అప్పుడు చెప్పింది అబద్ధం, ఇప్పుడు చెప్పేది నిజం. రేపొచ్చి ఇదీ అబద్ధమంటే? ఏమే మస్తాన్‌బీ, మీ సారుకు ఏ రోజు నిజం చెప్పే రోజో నువ్వైనా చెప్పవే.”

అరుగు దగ్గర ఎవరో కిసుక్కున నవ్వారు. లోపల బిడ్డ ఏడవడం లేదు. ఏడిస్తే బాగుండునని ఆ క్షణంలో అనుకున్న సంగతి ఇప్పటికీ మర్చిపోలేదు. మా లెక్కలో ఏడ్చే బిడ్డ కంటే ఏడవని బిడ్డే ఎక్కువ భయపెడుతుంది.

నా మాటకు ఆ ఇంట్లో విలువ పోయింది. మస్తాన్‌బీ మాటకు ఉంది, కానీ ఆమె నాతో వచ్చిన మనిషి. చదువు రాని వాళ్లకు శ్వాస లెక్క నేర్పించడానికి పూసలు వాడే పద్ధతి ఒకటి శిక్షణలో విన్నాను, ఎన్నడూ చేయించలేదు. వసారా గూట్లో బాలింతకు పొద్దుపోవడానికని పెట్టిన వామనగుంటల పీట, దాని పక్కన డబ్బాలో చింతగింజలు కనపడ్డాయి. అరవై గింజలు లెక్కపెట్టి ఇమ్మని కోటమ్మనే అడిగాను. ఎందుకని అడిగింది. నన్ను నమ్మొద్దు, నువ్వే చూడు అన్నాను. బిడ్డ పొట్ట ఒకసారి పైకి లేచినప్పుడల్లా ఒక గింజ పీట గుంటలో వెయ్యి. గడియారంలో సెకన్ల ముల్లు ఒక్క చుట్టు తిరిగేలోగా గింజలు అయిపోకూడదు. అయిపోతే బిడ్డకు ఊపిరి చాలడం లేదని అర్థం. మిగిలితే నేను లేచి వెళ్లిపోతాను, మళ్లీ ఈ గుమ్మం తొక్కను.

ఆవిడకు ఆ బేరం నచ్చింది. “గడప దాటనీను,” అంటూనే బిడ్డను గుడ్డలో చుట్టి గడప లోపలే, వెలుగు పడే చోట ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. మస్తాన్‌బీ బిడ్డ చొక్కా పైకి జరిపింది. నేను వాచీ పట్టుకున్నాను.

మొదట ఆవిడ గింజలు తీరిగ్గా వేసింది. తర్వాత వేగం పెంచింది. తర్వాత ఒకటి వేసేలోగా పొట్ట రెండుసార్లు లేచింది, చెయ్యి తడబడింది, రెండు గింజలు కింద దొర్లాయి. ఎవరూ వాటిని ఏరలేదు. నవ్విన మనిషి కూడా ముందుకు వంగి చూస్తోంది. సెకన్ల ముల్లు ఎనిమిది దాటి తొమ్మిది దగ్గరికి వస్తుండగా కోటమ్మ చెయ్యి ఖాళీగా గాల్లో ఆగిపోయింది. చుట్టు ఇంకా పూర్తి కాలేదు. గింజలు లేవు. బిడ్డ పొట్ట మాత్రం లేస్తూనే ఉంది.

రెండోసారి వేద్దాం అన్నాను. పద్ధతి ప్రకారం వేయాలి. ఆవిడ వేసింది. మళ్లీ అంతే. ఈసారి తన చెయ్యి ఆగిన చోట తనే చొక్కా ఇంకొంచెం పైకి జరిపి చూసింది.

“డొక్కలెగరేస్తన్నాడే మస్తాన్‌బీ,” అంది. గొంతు పూర్తిగా మారిపోయింది. “పొద్దున నుంచి పాలు కూడా సరిగ్గా లాగలా. నేను నిద్దరనుకున్నా.”

ఆ తర్వాత ఎవరికీ ఏమీ చెప్పాల్సిన పని పడలేదు. కోటమ్మ స్వయంగా కిటికీలోని గోనెసంచులు పీకేసింది. కుంపటి వాకిట్లోకి వెళ్లింది, పొయ్యి మీద నీళ్లు కుమ్మరించారు. శిరీషను లేపి కూర్చోబెడితే తనంతట తాను నిలబడలేకపోయింది, ఇద్దరు పట్టుకుని వసారాలోకి తెచ్చారు. నేను 108కి, వైద్యాధికారికి ఫోన్ చేశాను. డాక్టరమ్మ నరసరావుపేట పెద్దాసుపత్రికి పంపమన్నారు. చలి సోకుతుందన్న కోటమ్మ భయంలో తప్పు లేదు. చలి కూడా పసిబిడ్డకు ప్రమాదమే. దానికి నిప్పులు అక్కర్లేదు, బిడ్డను తల్లి గుండెలకు ఆనించి పైన దుప్పటి కప్పితే చాలు. బండి వచ్చేదాకా అలాగే ఉంచాం.

బండి రావడానికి అరగంటకు దగ్గరగా పట్టింది. ఆ అరగంటలో నేను చేసిన పని వాచీ చూడటం, బిడ్డ పొట్ట చూడటం, మళ్లీ వాచీ చూడటం. ఏ కథా గుర్తు రాలేదు. బండి వచ్చాక బిడ్డకు ఆక్సిజన్ పెట్టి తీసుకెళ్లారు. కోటమ్మ కూడా ఎక్కింది. ఎక్కుతూ నా వైపు చూడలేదు.

న్యుమోనియా అన్నారు. పొగ వల్లే వచ్చిందా అని పిల్లల డాక్టరును నేను అడిగాను. క్రిమి వేరే ఉంటుంది, మూసిన గదిలో పొగ పీల్చిన ఊపిరితిత్తులు దానికి తలుపు తీసి ఇస్తాయి అన్నారు. తల్లి తలనొప్పి చాలావరకు బొగ్గుల నుంచి వచ్చే వాసన లేని వాయువు వల్లే అయి ఉంటుందని, ఇంకొన్ని గంటలు ఆ గదిలోనే ఉంటే చెప్పలేమని అన్నారు. తల్లి మర్నాటికి తేరుకుంది. బిడ్డ తొమ్మిది రోజులు ఆసుపత్రిలో ఉండి బతికి ఇంటికి వచ్చాడు. చూడటానికి వెళితే కోటమ్మ, “ఏం, ఇంకో కత తెచ్చావా?” అని అడిగింది. లేదన్నాను. “అయితే కూర్చో,” అంది.

కానీ ఆ తొమ్మిది రోజులూ నన్ను తిననివ్వని సంగతి వేరే ఉంది. ఆ దోమ కథ నేను ఆ ఒక్క ఊళ్లోనే చెప్పలేదు. ఆ వానాకాలమంతా వెళ్లిన ప్రతి ఊళ్లోనూ చెప్పాను. పర్యటన డైరీలో ‘దోమల నివారణపై అవగాహన కల్పించడమైనది’ అని మాత్రమే ఉంది. ఏం చెప్పానో లేదు, ఎక్కడ ఎంత పొడిగించానో లేదు. ఏఎన్ఎమ్‌ల దగ్గర బాలింతల జాబితాలు తీసుకుని, మస్తాన్‌బీ లాంటి వాళ్లను వెంటబెట్టుకుని ఒక్కో ఇల్లూ తిరిగాను. మూడిళ్లలో మంచం కింద కుంపటి, కుంపటిలో వేపాకు. మూడు చోట్లా బిడ్డలు బాగానే ఉన్నారు. మూడు చోట్లా నా కథ అబద్ధమని నా నోటితోనే చెప్పాను. శావల్యాపురం వైపు డెప్యుటేషన్ మీద వెళ్లిన రెండు ఊళ్లలో చెప్పానో లేదో నాకే గుర్తు లేదు. అక్కడికీ వెళ్లి అడిగాను. చెప్పలేదన్నారు. అడిగిన వాళ్లకు గుర్తు లేకపోవచ్చు కూడా.

స్వచ్ఛంద పదవీ విరమణ తీసుకునేదాకా ఆ తర్వాత రెండు పనులు తప్పకుండా చేశాను. ఊళ్లో ఏం చెప్పానో అదే రోజు, చెప్పిన మాటల్లోనే డైరీలో రాసేవాణ్ని. శ్వాస లెక్క ఆశా ఒక్కతే కాకుండా ఇంట్లో పెద్దావిడ చేత కూడా వేయించేవాణ్ని. ఈ సంఘటన నాకు నేర్పింది ఇంతే: ఆరోగ్యం గురించి ఊరికి చెప్పిన మాట, చెప్పినవాడు మర్చిపోయిన తర్వాత కూడా ఎవరో ఒకరి ఇంట్లో అమలవుతూనే ఉంటుంది. కాబట్టి ఏం చేయాలో చెప్పినప్పుడు ఎక్కడ చేయకూడదో, ఎవరి దగ్గర చేయకూడదో ముందు చెప్పాలి. మిగిలింది తర్వాత.