అక్క గోడ పక్క కాలువ

నా చిన్నప్పుడు ఇంటి ముందర గడ్డి పెంచుతామని ఎవరైనా అంటే మా ఇబ్రహీంపట్నంలో నవ్వేవారు. గడ్డి మొలిస్తే పీకి పారేసేవాళ్లమే తప్ప నీళ్లు పోసి పెంచేవాళ్లం కాదు. కానీ కొత్త ఇంటి ముందు నేలను చదును చేయడం మాత్రం అప్పుడూ పెద్ద పనే. మొన్న తుర్కయాంజాల్‌లో మా అబ్బాయి కొత్త ఇంటి ముందు లాన్ కోసం నేల చదును చేస్తుంటే, కుర్చీ వేసుకుని చూస్తున్న నాకు మా తాతయ్య గుర్తొచ్చాడు. ఆయన గుర్తొస్తే ఎవరికైనా సంతోషం కలగాలి. నాకు సిగ్గు కలుగుతుంది.

నాకు తొమ్మిదేళ్లప్పుడు మా నాన్న ఊరి చివర పెంకుటిల్లు కట్టాడు. మా జాగా ఎత్తులో ఉండేది. ఎడమ పక్కన, పల్లంలో, మట్టి గోడల ఇల్లు. అందులో పక్కింటి అక్క ఒక్కతే ఉండేది. ఆమెకు పాతికేళ్లు నిండకుండానే భర్త పోయాడు. రెండెకరాల చెలకలో ఆముదాలు వేసుకుని బతికేది. మరుసటి ఏటి విత్తనాన్ని మా వైపు గోడకు ఆనించిన మట్టి గుమ్మిలో దాచుకునేది.

మా జాగాలో పడిన వానకు దారి ఆ గోడ వైపే. ఖాళీ నేలగా ఉన్నన్నాళ్లు సగం నీళ్లు నేలే తాగేసేది. ఇల్లు లేచాక పెంకుల మీది నీళ్లన్నీ ఒక్కసారిగా దిగుతాయి. ఆ సంగతి అందరికన్నా ముందు తాతయ్యకు తట్టింది.

మళ్లు చదును చేయడంలో ఆయనకు చుట్టుపక్కల పేరుండేది. పక్క ఊళ్ల నుంచి కూడా పిలుపులొచ్చేవి. ఆయన చేతిలో రసమట్టం నేనెప్పుడూ చూడలేదు. పొద్దున్నే ఎండ ఏటవాలుగా పడేటప్పుడు నేల మీద బోర్లా పడుకుని, చెంప మట్టికి ఆనించి, ఒక కన్ను మూసి చూసేవాడు. "గా మూలకు ఇంకో రెండు గంపలు పొయ్యుండ్రి" అని దులుపుకుని లేచేవాడు. అంతే లెక్క.

మా ముంగిలికి ఇరవై రోజులు పట్టింది. రాళ్లు ఏరాం. గడ్డలు పగలగొట్టాం. మొరం పోసి, నీళ్లు పెట్టి నానబెట్టి, దిమ్మిసతో కొట్టాం. గోడ వైపు వాలిన నేల వీధి వైపు తిరిగింది. అయినా తాతయ్యకు నమ్మకం చాలలేదు. అక్క గోడకు మూరెడు ఇవతల ఒక చిన్న కాలువ తీసి వీధిలోకి వదిలాడు. అంతా అయ్యాక అక్కను పిలిచి నీళ్ల బిందె ఆమె చేతికే ఇచ్చాడు.

"నువ్వే పోసి సూడు బిడ్డా. గోడ నీది."

అక్క మా గడప దగ్గర బిందె ఒంపింది. నీళ్లు కాస్త తటపటాయించి, పాయలుగా విడిపోయి, కొన్ని నేరుగా, కొన్ని కాలువ గుండా వీధిలోకి వెళ్లిపోయాయి. గోడ అడుగు పొడిగానే ఉంది. "నీళ్లు గూడ నీ మాట ఇంటయ్ తాతా" అని అక్క నవ్వింది.

ఆ వాలే నాకు అడ్డొచ్చింది. మా ముంగిట్లో ఏ గోలీ నిలిచేది కాదు. దొర్లి దొర్లి కాలువలో పడి, అక్కడి నుంచి వీధి మోరీలోకి పోయేది. అలా రెండు మంచి గాజు గోలీలు పోగొట్టుకున్నాక, ఒక మధ్యాహ్నం కాలువ చివర రాళ్లు పేర్చి, తడిమట్టి పెట్టి, తాతయ్య పనిలో చూసి నేర్చుకున్నట్టే మడమతో గట్టిగా తొక్కాను. కట్ట బాగా కుదిరింది. గోలీలు వచ్చి అక్కడ ఆగుతుంటే నా తెలివికి నేనే మురిసిపోయాను.

ఆ సాయంత్రమే తొలకరి వాన పట్టుకుంది. ఆట వదిలి ఇళ్లలోకి పరుగెత్తాం.

కట్ట సంగతి మరిచిపోయానని ఇక్కడ రాసుకోవచ్చు. తొమ్మిదేళ్ల పిల్లవాడు మరిచిపోతే ఎవరూ తప్పు పట్టరు. కానీ నేను మరిచిపోలేదు. అమ్మ వేయించిన పల్లీలు ఒళ్లో పోసుకుని తింటుంటే గుర్తొచ్చింది. పదడుగులు వెళ్లి కాలితో ఒక్కటి తన్నితే కట్ట తెగేది. తడుస్తానని, తాతయ్య చూస్తే ఏమిటని అడుగుతాడని, వాన ఇప్పుడే ఆగిపోతుందిలే అని కదలలేదు. తినడం కూడా ఆపలేదు.

తెల్లవారేసరికి, కాలువ నిండి నిలిచిన నీళ్లకు నాని, అక్క గోడ నడిమి భాగం కూలి గుమ్మి మీద పడింది. అక్క అవతలి గదిలో ఉంది కాబట్టి బతికింది. ఆముదాలన్నీ బురదలో కలిసిపోయాయి. నేను లేచి గుమ్మం దగ్గరికి వచ్చేసరికి తాతయ్య కాలువ చివర గొంతుక్కూర్చుని నీళ్లలో చేయి పెట్టి ఉన్నాడు. ఒక్కో రాయీ తీసి పక్కన పెడుతున్నాడు. ఆఖరి రాయి వెంట ఏదో చిన్నది చేతికి తగిలితే అరచేతిలో పెట్టి చూసుకున్నాడు. నా గోలీ. తలెత్తి నన్ను చూశాడు. కోప్పడలేదు. గోలీని రొంటిన దోపుకుని, రాళ్లను దూరంగా విసిరేసి, మిగిలిన మట్టిని కాలితో చెరిపేశాడు.

వాడకట్టు వాళ్లు పోగయ్యేసరికి అక్కడ కట్ట ఆనవాలే లేదు. కూలిన గోడా, బురదలో కూర్చుని గింజలేరుతున్న అక్కా కనిపిస్తున్నారు. "ఊరోళ్ల మళ్లు సదును చేసేటోడు సొంత వాకిలి సదును చేస్కోలేకపాయె. ముసలోనికి కండ్లు పోయినయ్" అన్నాడొకాయన. మరొకాయన "దిక్కులేని దాని గోడ మీదికే మర్లేసిండు నీళ్లు" అన్నాడు.

"అవ్. నా లెక్క తప్పింది" అన్నాడు తాతయ్య.

నేను గుమ్మం వెనక నిలబడి విన్నాను. నోరు తెరవలేదు.

గోడను ఆయనే మళ్లీ పెట్టాడు. ఒక వరస పెట్టి, అది ఆరేదాకా ఆగి, ఇంకో వరస. నన్ను పిలిచి మట్టి ముద్దలు అందించమన్నాడు. ఆయన శిక్ష అంతే. మా ఇంట్లో ఉన్న విత్తనమంతా అక్కకు ఇచ్చాం. అది ఆమె చెలకలో సగానికే సరిపోయింది. మిగిలిన ఎకరం ఆ ఏడు బీడుగానే ఉంది. తాతయ్యకు పిలుపులు తగ్గాయి. రెండేళ్లకు మొత్తంగా ఆగిపోయాయి. పొద్దున్నే లేచి మా వాకిట్లోనే బోర్లా పడుకుని, చెంప నేలకు ఆనించి చూసుకునేవాడు. తప్పు ఎక్కడా లేదని ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు.

ఆ రోజుల నుంచే ఆయనకు ఒక అలవాటైంది. నన్ను వెంట తీసుకుని చెలకల దిక్కు నడిచేవాడు. ఏ గట్టు మీదో కూర్చుని, "ఏమన్న చెప్తవా బిడ్డా?" అనేవాడు. నేను బడి ముచ్చట్లు, ఆటల ముచ్చట్లు గుక్క తిప్పుకోకుండా చెప్పేవాణ్ని. చివరిదాకా విని, "మంచిది" అని లేచేవాడు. ఆయనకు తెలిసిందే కదా, మళ్లీ చెప్పడమెందుకని నన్ను నేను సమర్థించుకున్నాను. చెప్పాల్సింది గోడ గల మనిషికి అన్న ఆలోచన రాలేదు. వచ్చినా రానీయలేదు.

నేను నగరంలో చదువుకుంటున్నప్పుడు ఆయన దవాఖానలో పడ్డాడు. చూడటానికి వెళ్తే అదే మాట అడిగాడు. పరీక్షలు బాగా రాశానని చెప్పాను. "మంచిది" అన్నాడు. అదే ఆఖరు.

తర్వాత ఉద్యోగంలోనూ నేను అలాగే ఉన్నాను. నా పొరపాటుకు కింది ఉద్యోగి మాట పడుతుంటే ఫైలు చూస్తూ తల వంచుకుని కూర్చున్న రోజులున్నాయి. మనిషి ఒక్కసారి ఊరుకోవడం నేర్చుకుంటే రెండోసారి కష్టం ఉండదు.

ఇక మొన్నటి సంగతి. లాన్ పనివాడు నీళ్ల పైపుతో మట్టం చూసి, ఎర్రమట్టి పరిచి, రోలర్ తిప్పి, నా దగ్గరికి వచ్చి సంబరంగా చెప్పాడు. "ఫికర్ చెయ్యకుండ్రి సార్. మస్తు వాలు ఇచ్చిన. సుక్క నీళ్లు మీ ఇంటి దిక్కు రావు. అన్నీ గా పక్క ప్లాటుకే పోతయ్."

పక్క ప్లాటులో ఒక రేకుల గది ఉంది. దాని ముందు ఎవరిదో పొయ్యి ఉంది. నేను కుర్చీలోంచి లేచాను. మట్టి మళ్లీ తీయమన్నాను. "బాపూ, రేపు గడ్డి బండి వస్తది. ఇప్పుడు తవ్వుడేంది?" అని అబ్బాయి విసుక్కున్నాడు. బండిని రెండు రోజులు ఆపించి, వాలు మార్పించి, వీధిలోకి కాలువ తీయించాను. ఇందులో నా గొప్పేమీ లేదు. చేయి తిరిగిన మనిషి దగ్గర నేర్చుకున్న పనిని అరవై దాటాక మొదటిసారి చేశాను. అయినా మనసు కుదుటపడలేదు. మర్నాడు బస్సెక్కి ఇబ్రహీంపట్నం వెళ్లాను.

అక్కకు ఎనభై దాటాయి. గడపలో కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది. నేను నిలబడే చెప్పాను. "అక్కా, ఆనాడు కాలువకు కట్ట వేసింది నేనే. తాత లెక్క తప్పలే."

ఆమె చేయి ఆగలేదు. "ఎరుకే తమ్మీ."

"ఎట్ల ఎరుక?"

"గోడ పెట్టేటప్పుడే చెప్పిండు మీ తాత. 'పోరడు చేసిండు బిడ్డా, నువ్వు అడగకు, వాడే వచ్చి నీకు చెప్తడు' అన్నడు. నేను అడగలే." ఒక కాయ తీసి, చూసి, పక్కకు వేసింది. "గింత ఆలస్యం చేస్తవని ఆయనకు గూడ తెల్వదు."

నేను గడప మీద కూర్చున్నాను. ఆమె ఇంకో కాయ అందుకుంది. "దవాఖానకు సూడబోయిన. నువ్వు పోయిన మర్నాడే. మాట సరిగ వస్తలేదు. 'పోరడు నీకేమన్న చెప్పిండా' అని అడిగిండు."

"నువ్వేమన్నవ్ అక్కా?"

"చెప్పిండు తాతా అన్న. ఏం చెయ్యాలె మరి, గట్ల సూస్తుంటే? నిమ్మళంగ కండ్లు మూసుకుండు." ఈనె తీసి గిన్నెలో కాయ వేసింది. "ఇన్నేండ్లు మోసిన ఆ అబద్ధం. ఇయ్యాల దిగింది తీయ్. చాయ తాగుతవా?"

తాతయ్య నా గురించి ఆఖరుగా విన్నది నేను చేయని మంచి పని. దాన్ని నమ్మి నిశ్చింతగా వెళ్లిపోయాడు. ఆ మనవడిని నేను ఇంకా చేరుకోలేదు, చేరుకుంటానన్న ధైర్యమూ లేదు. లాన్ ఇప్పుడు పచ్చగా ఉంది. మబ్బు పట్టి నాలుగు చినుకులు పడగానే వెళ్లి, కాలువ చివర వంగి, నీళ్లలో చేయి పెట్టి చూస్తాను. చెత్త అడ్డుపడకుండా జాలీ పెట్టించాం కదా అని అబ్బాయి నవ్వుతాడు. నవ్వనీ. తింటున్నా సరే, కంచం పక్కన పెట్టి లేస్తాను.