గడియ లేని కోట తలుపు

నా పేరు వెంకాయమ్మ. డెబ్బై దాటాయి. దివిసీమలో ఏటి మధ్య లంకమీద, మా మావగారి తాతలు కట్టించిన రాతికోటలో ఉంటున్నాను. చదువు రాదు, చెప్పి రాయిస్తున్నాను. మా తోడికోడలు, నేను అక్కా అని పిలిచే మనిషి, ఈ కార్తీకంలో పోయింది. దినవారాలు కాకముందే ఆమె కొడుకు కోట తలుపుకి కొత్త గడియ, తాళం తెచ్చాడు. అందుకే ఈ మాటలు.

కోటంటే రాజులది అనుకునేరు. నాలుగు గోడలు, ఒక బురుజు, లోపల మా రెండు కాపురాలు. కానీ లంకలో రాతిగోడ ఇదొక్కటే. ఉప్పెనలో నన్ను జుట్టు పట్టి ఈ గుమ్మంలోకి లాగింది అక్కే. నీళ్ళు తీశాక మా అత్తగారు తలుపు గడియ ఊడదీయించింది. గాలి లేస్తే పెద్దకోడలు బురుజెక్కి ఇత్తడి పళ్ళెం మోగించాలి, లంకలో అందరూ లోపలికి రావాలి. అప్పటినుంచీ అదే మా ఇంటి పద్ధతి.

అక్కకి కుదురు లేదు. ముద్ద నోట్లో పెట్టుకుంటూనే లేచి ఆకాశం చూసేది. ఆ చూపుల్లో ఎన్ని కూరలు మాడాయో.

"ఆకాశమేమన్నా నీ మొగుడా, అస్తమానం చూస్తావు?" అన్నానోసారి.

"మొగుడైతే ఇంత చూసేదాన్నా?" అంది.

ఓ ఏడాది పళ్ళెం మోగించింది. జనం మేకలతో, కోళ్ళతో వచ్చారు. మధ్యాహ్నానికి ఎండ కాసింది. అందరూ నవ్వారు, కొడుకు తల దించుకున్నాడు. అక్క మాత్రం వాళ్ళకి గంజి పోస్తూ నాతో అంది: "రాని గాలికి పిలిస్తే నవ్వుతారు. వచ్చే గాలికి పిలవకపోతే నవ్వడానికి ఎవరు మిగులుతారే?"

ఇప్పుడు ఆ కొడుకు రొయ్యల చెరువులవాళ్ళ మేత బస్తాలకి కోటని లీజుకిస్తాడట. ఏటికవతల తుఫాను షెల్టరు ఉందిగా పిన్నీ, అంటాడు.

"ఆ గాలిలో పడవెవడు వేస్తాడ్రా, నువ్వా?" అన్నాను.

పెద్దకర్మనాడు తూర్పుగాలి లేచింది. చిన్నకోడల్ని, ఆ పళ్ళెం ఎన్నడూ నా చేతికి రాలేదు. బురుజెక్కే మోకాళ్ళు కావు. తలుపు రెక్కల మధ్య మంచం వాల్చుకుని కూర్చుని మోగించాను. మంచం పక్కనుంచి ఒక్కొక్కళ్ళే లోపలికొచ్చారు. అబ్బాయి తాళం పట్టుకుని గోడకి జరిగాడు. పొద్దు వాలేసరికి గాలి పడిపోయింది. వలలల్లే మరియమ్మ కోడిని చంకలో పెట్టుకుని వెళ్తూ, "మీ అక్క చెయ్యే వచ్చిందమ్మా మీకూ" అని నవ్వింది.

నవ్వనీ. తాళం ఇంకా అబ్బాయి దగ్గరే ఉంది. నా మంచమూ ఇక్కడే ఉంది. తలుపు వేయాలంటే ముందు నన్ను ఎత్తాలి.

చెప్పింది నేనే. మంచం దిగకుండా వేలిముద్ర వేశాను. చూసినవాళ్ళు: పడవ నడిపే నాంచారయ్య, మరియమ్మ.