డబ్బా తూటాలు, బావ తూటాలు

మా బావ, అంటే మా అక్క భర్త, తన రైఫిల్‌కు తూటాలు తనే తయారుచేసుకుంటడు. ఉప్పల్‌ల వాళ్ల మేడ మీద గది అందుకే కట్టించుకున్నడు. లైసెన్సు ఉంది, పర్మిషన్ ఉంది, రిటైరైనంక టైమైతే మస్తు ఉంది. నేను మాత్రం కంపెనీ డబ్బాల వచ్చే తూటాలే కొంట. మా నాయిన పోయినంక ఆయన రైఫిల్ నా పేరు మీదికి మార్పించుకున్న. అప్పటి సంది నాది అదే పద్ధతి.

పంటలు పాడుజేసే అడవి పందులను కొట్టెటందుకు అటవీ శాఖ పిలిచే షూటర్లల్ల మేమిద్దరం ఉన్నం. అందుకని ఈ తూటాల పంచాయితీ మా ఇంట్ల ఎన్నడూ ఒడువది.

"దర్జీతోని కొలతలిచ్చి కుట్టించుకున్న అంగీ, బజార్ల కొన్న అంగీ ఒక్కటేనా?" అంటడు బావ.

"నీ అంగీ మంచిగనే ఉంది బావా. పంది అంగీ సూడది కదా" అంట నేను.

గురి చూసి కాల్చే మా క్లబ్బు రేంజ్‌కు పోతే గెలుపు ఆయనదే. ఒక ఆదివారం ఇద్దరం పక్కపక్కన కూసోని కాల్చినం. ఆయన కాగితం మీద బొక్కలన్నీ రూపాయి బిళ్ల కింద దాగుతయి. నావి అరచెయ్యంత జాగల పడ్డయి. తన కాగితాన్ని ఆయన ఫ్రిజ్ తలుపుకు అంటించిండు. అక్క ఎంత మొత్తుకున్నా తియ్యలే.

నాకు చిన్నతనం అనిపించలే. నేను నాచారంల మిషన్ పార్టుల కంపెనీల క్వాలిటీ చెకింగ్ చేస్త. ఒక్క ముక్క అద్భుతంగ వచ్చిందంటే మా దగ్గర ఎవరూ చప్పట్లు కొట్టరు. పొద్దున వచ్చిన ముక్క, సాయంత్రం వచ్చిన ముక్క ఒక్క తీరుగ ఉండాలె. తూటా సంగతి కూడా అంతే. పంది గుండె ఉండే జాగ నా అరచెయ్యి కంటే పెద్దది.

పోయిన వానాకాలం పోచారం దాటి చానా దూరంల ఉన్న ఒక ఊరి నుంచి పిలుపొచ్చింది. మక్కచేను ఒక ఆడమనిషిది. కంకులు పాలు పోసుకునే టైముకు సగం చేను పందులు తొక్కినయి. ఆమె మమ్ముల మంచె ఎక్కించి, తన మనుషులందరినీ తోలుకొని ఇంటికి పోయింది.

పొద్దు ఇంకా గుంకలేదు. చేను చివర మొక్కలు కదిలినయి. ఒక పెద్ద పంది బయటికొచ్చి నిలబడ్డది. పెద్దవాడు గనుక మొదటి దెబ్బ బావది. ఆయన తూటా పెట్టి, దాన్ని లోపటికి నెట్టి మూసే రైఫిల్ బోల్టు ముందుకు తోసిండు. అది సగంల ఆగింది. మళ్లా తోసిండు. టక్కుమన్నదే గాని మూసుకోలే. పంది తలెత్తింది.

"పోతలేదు. నువ్వు కొట్టు" అన్నడు గొంతు తగ్గించి.

నేను అప్పటికే గురి పెట్టుకోని ఉన్న. దాని వెనక మట్టికట్ట తప్ప ఏమీ లేదని ఇంకోసారి సూసుకొని కాల్చిన. అది నాలుగడుగులు ఉరికి పడిపోయింది.

అటవీ శాఖాయన వచ్చి రాసుకునేదాక, గుంత తవ్వి దాన్ని పూడ్చేదాక బావ గట్టు మీదనే కూసున్నడు. ఇరుక్కున్న తూటాను బయటికి తీసి వేళ్లతోని తడిమిండు. దాని ఇత్తడి గొట్టం జర ఉబ్బింది. కాల్చినంక మిగిలిన ఒకే గొట్టాన్ని మందుతోని మళ్లా మళ్లా నింపితే గట్లయితది.

"ఎన్నిసార్లు నింపినవ్ బావా?"

"పారెయ్యాల్సినదానికంటే ఎక్కువే" అన్నడు.

వచ్చేటప్పుడు ఉప్పల్ చౌరస్తల చాయ్ తాగినం. "ఎగతాళి జేస్తవనుకున్న" అన్నడు.

"ఎందుకు జేస్త? రేంజ్‌ల నిన్ను ఒక్కసారన్న గెలిచిన్నా?"

ఇంటికి రాంగనే అక్క అడిగింది, ఎవరు కొట్టిన్రని. నేను నోరు తెరిచేలోపే ఆయనే చెప్పిండు. "నీ చెల్లె. నా తూటా లోపటికే పోలే." ఆ ఒక్క మాటతోని మా బావ నాకు ఇంకింత పెద్దగ కనబడ్డడు.

ఆయన తయారుచేసుడు మానలే. నేను మానమని కూడా అనలే. మొన్న క్లబ్బు పోటీల తన తూటాలతోనే ఫస్టొచ్చిండు, అందరికంటే గట్టిగ చప్పట్లు కొట్టింది నేనే. చేనుకు పోయేటప్పుడు మాత్రం డబ్బా తూటాలే జేబుల వేసుకుంటడు. నేను ఒప్పించిన్నని కాదు. ఆ మక్కచేను ఆడమనిషి మళ్లా ఫోన్ జేసింది, గుంపుల ఇంకా పందులున్నయంట. రేపు సాయంత్రం పోతున్నం, మొదటి దెబ్బ మళ్లా బావదే.