మంచు కోసం మాస్కో వెళ్ళిన ఇద్దరు నర్సులు

ఆ రోజుల్లో నాకు చలి అంటే ఆపరేషన్ థియేటర్ ఏసీ. అంతకు మించిన చలి ఉంటుందని విన్నానే గానీ, చీరాలలో పుట్టి, నర్సింగ్ ముగించి తిన్నగా మస్కట్‌లో దిగినదాన్ని, నమ్మే అవకాశం నాకెక్కడిది? వయసు పాతికకు అటూ ఇటూ. తెలియనివి తెలిసినట్టు మాట్లాడటంలో మాత్రం అప్పటికే నేను చాలా సీనియర్ని. ఇప్పుడు మా వార్డు కుర్ర నర్సులెవరైనా సెలవుల్లో రష్యా వెళ్దామనుకుంటే నా దగ్గరికే పంపిస్తారు, "ఆ సిస్టర్ వెళ్ళొచ్చింది, అన్నీ చెబుతుంది" అని. నేనూ గంభీరంగా కూర్చోబెట్టి చెబుతాను. దారిలో ఎదురైన ప్రతివాళ్ళనీ చూసి నవ్వకండి, మతి తప్పిందనుకుంటారు. ఎవరింటికి వెళ్ళినా బూట్లు గుమ్మం దగ్గరే విప్పండి. పాస్‌పోర్టు ఎప్పుడూ ఒంటిమీదే ఉంచుకోండి. ఇవన్నీ నిజాలే. అసలు మేమెందుకు వెళ్ళామో, ఏం చూసి వచ్చామో మాత్రం ఇంతవరకు ఎవరూ అడగలేదు. అడక్కపోయినా ఇక్కడ చెప్పేస్తున్నాను.

వెళ్ళాలన్న కోరిక నాది కాదు, మా పెద్దక్కది. పెద్దక్క అంటే మా వార్డు ఇన్‌ఛార్జి. నరసాపురం దగ్గర మనిషి. పాతికేళ్ళకు పైగా ఒమన్‌లో డ్యూటీ చేసి, ఆ వచ్చే వేసవికి వీసా క్యాన్సిల్ చేసుకుని ఇంటికి వెళ్ళిపోబోతోంది. సర్జన్లు కూడా ఆవిడ ముందు గొంతు తగ్గించి మాట్లాడేవారు. మస్కట్‌లోని రూవిలో మా చర్చిలో సండే స్కూల్ టీచరు కూడా ఆవిడే (ఒమన్‌లో సండే స్కూల్ శుక్రవారం జరుగుతుంది, ఆదివారం అందరికీ డ్యూటీ కదా). ఒక శుక్రవారం ఆవిడ పిల్లలకి, మంచి మనసు మంచులా తెల్లగా ఉంటుందని పాఠం చెబుతుంటే, ముందు వరసలో రెండు జడల పిల్ల లేచి, "ఆంటీ, మీరు మంచు చూశారా?" అని అడిగింది. "ఫ్రిజ్‌లో చూశానమ్మా" అంది అక్క. "అది ఐస్ ఆంటీ. ఆకాశంలోంచి పడేది చూశారా?" పక్క గదిలో పాటలు నేర్పుతున్న నాకు, అక్క టప్పున పాఠం పుస్తకం మూసేసిన చప్పుడు వినపడింది.

మర్నాడు డ్యూటీలో ఇంజెక్షన్లు సర్దుతూ అక్క అంది, "ఏంటమ్మాయ్, ఇన్నేళ్ళుగా నేను చూడనిదాని గురించి పిల్లలకి పాఠం చెబుతున్నానే!"

"దేవదూతల్ని కూడా చూడలేదు గదక్కా మీరు?" అన్నాను ఓదార్పుగా.

"దేవదూతల దగ్గరికి టికెట్టు దొరకదే. మంచు దగ్గరికి దొరుకుద్ది."

దాంతో ఇద్దరం రూవి హైస్ట్రీట్ వెనక సందులో ఉన్న ట్రావెల్స్ అన్న దగ్గరికి వెళ్ళాం. హైదరాబాదు మనిషి. గోడ నిండా మంచుకొండల పోస్టర్లు అంటించుకుని, వాటి కింద ఫ్యాను పెట్టుకుని కూర్చునేవాడు. "ఏ దేశంలో మంచు గ్యారంటీయో అది చెప్పు బాబూ" అంది అక్క. "గ్యారంటీ అంటే రష్యానే మేడమ్. డిసెంబర్ల మంచు లేని రష్యా అంటే పెండ్లికొడుకు లేని పెండ్లి. గంత పెద్ద దేశం, ఎక్కడనో ఒక్కకాడ పడకుంట ఎట్లుంటది? ఇప్పుడు వాళ్ళ రూబుల్ గూడ పడిపోయింది, మనకు మస్తు సస్త" అన్నాడు. "నువ్వెళ్ళావా బాబూ?" అని అడిగితే, "నేనా మేడమ్? దుబాయ్ దాటలే" అన్నాడు ఏమాత్రం సిగ్గుపడకుండా. ఆ నిజాయితీ అక్కకి నచ్చింది. ఇద్దరికీ బుక్ చేయమంది. తోడుగా నేనెందుకంటే, నాకు ఇంగ్లీషు బాగా వచ్చని నేనే ప్రచారం చేసుకున్నాను.

తయారీ మొదలైంది. మస్కట్‌లో జనం పొట్టిచేతుల చొక్కాలతో తిరుగుతుంటే మేమిద్దరం ఉన్ని కోట్ల కోసం దుకాణాలన్నీ గాలించాం. చివరికి మా నర్సుల క్వార్టర్స్‌లోనే, ఎవరో సెలవుకి పోతూ వదిలేసిన రెండు కోట్లు దొరికాయి. నాది మోకాళ్ళ దాకా, అక్కది పాదాల దాకా. వాటిని పరీక్షించాలి గదా? మా చర్చికే వచ్చే ఒక సూపర్‌మార్కెట్ సూపర్‌వైజరుని బతిమాలి, చేపలు దాచే కోల్డ్ రూమ్‌లోకి వెళ్ళాం. రెండు వైపులా వేలాడుతున్న షీర్ చేపల (మన వంజరమే) మధ్య నిలబడి అక్క మూడు చరణాల పాట ఆసాంతం పాడింది. నేను మొదటి చరణానికే తలుపు కొట్టడం మొదలుపెట్టాను. బయటికొచ్చి అక్క, "ఇంతేనా చలంటే!" అంది. వారం రోజులు నా కోటు చేపల వాసన కొట్టింది. మా రూమ్‌లో ఉండే మలయాళీ సిస్టర్ దాన్ని బాల్కనీలోంచి లోపలికి రానివ్వలేదు.

దుబాయ్‌లో విమానం మారి మాస్కోలో దిగాం. కస్టమ్స్ దగ్గర ఒకాయన అక్క సంచీ తెరిపించి, అందులోంచి ఒమానీ హల్వా గిన్నె బయటికి తీశాడు. తెలియనివాళ్ళకి ఆ హల్వా నల్లటి గ్రీజు ముద్దలాగే కనిపిస్తుంది. ఆయన పెన్నుతో పొడిచాడు. పెన్ను అందులోనే ఉండిపోయింది. "మెడిసిన్?" అన్నాడు అనుమానంగా. అక్క చెంచా తీసి, ఒక ముద్ద తను నోట్లో వేసుకుని, రెండో చెంచా ఆయన నోటి దగ్గర పెట్టింది, మందు తాగనని మొరాయించే పేషెంటుకి పెట్టినట్టే. ఆయన ఒక అడుగు వెనక్కి వేసి, పెన్ను కూడా వదిలేసి, పొమ్మని చెయ్యి ఊపాడు.

బయట తలుపు దగ్గర టోపీలు, మఫ్లర్లు, రెండేసి జతల చేతి తొడుగులు వేసుకుని, ఒకరినొకరం చూసుకుని, గుండె చిక్కబట్టుకుని అడుగు బయటపెట్టాం. వాన పడుతోంది. మామూలు వాన. మా చీరాలలో తుపాను ముందు పడేలాంటి బద్ధకపు చినుకు. రోడ్డు మీద బురద. "మంచేదమ్మాయ్?" అంది అక్క. "ఊళ్ళో ఉంటుందక్కా, ఇది విమానాశ్రయం గదా" అన్నాను నమ్మకంగా. (తెలియనివి తెలిసినట్టు మాట్లాడటం గురించి ముందే చెప్పాను.)

ఊళ్ళోనూ లేదు. మేము దిగిన చిన్న వసతిగృహం నడిపే బామ్మ కిటికీలోంచి బురదను చూపిస్తూ ఫోన్లో ఏదో చెప్పింది. ఆ ఫోను దాన్ని ఇంగ్లీషులోకి మార్చి, "ఈ ఏడు శీతాకాలానికి ఒంట్లో బాగోలేదు" అంది. తన జీవితంలో ఇలాంటి డిసెంబరు చూడలేదట. అక్క ముఖం వాడిపోయింది. "మనమే వెంటబెట్టుకొచ్చామేమోనే ఆ ఎండల్ని" అంది. బామ్మకి ఈ మాట ఎలా చేరిందో గానీ, అప్పటినుంచి ఆవిడ మా ఇద్దర్నీ కొంచెం అనుమానంగానే చూసింది.

అయినా తిరిగాం. ఆ తిరుగుడులోంచే నా సలహాలన్నీ పుట్టాయి. మొదటిది, బోర్డులు చదవకండి. ఇంగ్లీషు అక్షరాల్లా కనిపించి మోసం చేస్తాయి. మాకు వీధికొకచోట 'పెక్టోపాహ్' అన్న బోర్డు కనిపించేది. డాక్టర్ల భాషలో పెక్టోరల్ అంటే ఛాతీ. "అయ్యో పాపం, ఈ తేమకి ఊరందరికీ ఊపిరితిత్తులు పాడైనట్టున్నాయి, వీధికో ఛాతీ ఆసుపత్రి!" అని అక్క జాలిపడింది. ఆకలితో నకనకలాడుతూ అలాంటి నాలుగు ఆసుపత్రులు దాటాక, ఒకదాని కిటికీలోంచి జనం సూప్ తాగుతూ కనిపించారు. అది రెస్టారెంట్. వాళ్ళ 'పి' మన 'ర', వాళ్ళ 'సి' మన 'స', వాళ్ళ 'హెచ్' మన 'న'. ఈ ఒక్క ముక్క తెలిస్తే మీరు పస్తులుండక్కర్లేదు.

రెండోది, కోటుకి మెడ దగ్గర, కొక్కేనికి తగిలించే గుడ్డ ఉంగరం ఉందో లేదో చూసుకోండి. అక్కడ మ్యూజియంకి వెళ్తే కోటు విప్పి లోపల కౌంటరులో ఇవ్వాలి. అక్క కోటుకి ఆ ఉంగరం లేదు. కౌంటరు వెనకున్న పెద్దావిడ దాన్ని అటు తిప్పి, ఇటు తిప్పి, హాలంతా వినపడేలా తిట్టడం మొదలుపెట్టింది. ఒక్క ముక్క అర్థం కాకపోయినా మాకు మొత్తం అర్థమైంది. తిడుతూనే సొరుగులోంచి సూదీ దారం తీసి, తిడుతూనే ఒక నాడా ముక్క కుట్టేసి, తిడుతూనే కొక్కేనికి తగిలించింది. "మా అమ్మ కూడా అంతేనే. తిట్టకుండా ఏదీ కుట్టేది కాదు" అంది అక్క. ఆ వారంలో అక్క మనసారా సంతోషపడింది అప్పుడొక్కసారే.

తిరుగు ప్రయాణం దగ్గరపడుతోంది. రోజూ పొద్దున అక్క ప్రార్థన చేసుకుని కిటికీ దగ్గర కూర్చునేది. అక్కడ శీతాకాలంలో తెల్లవారడానికి బోలెడు సేపు పడుతుంది. ఆ చీకట్లో అలా కూర్చుని, వెలుగు రాగానే బయట నల్లటి తడి రోడ్డు చూసి, కర్టెన్ మూసేసేది. వేసవికి ఆవిడ వెళ్ళిపోతుంది. పెన్షన్ లేని ఉద్యోగం, కట్టాల్సిన ఇల్లు, చేయాల్సిన పెళ్ళి. మళ్ళీ ఇంత దూరం రావడం కలలో మాట. చివరికి బామ్మకి కూడా జాలేసింది. మా ఇద్దర్నీ చెయ్యి పట్టుకుని ట్రామెక్కించి, ఒక స్కేటింగ్ రింక్ వెనక్కి తీసుకెళ్ళింది. అక్కడ నేలమీద నుంచి గీకిన ఐస్ పొడిని గుట్టగా పోసి ఉంచారు. బామ్మ రెండు చేతులూ చాపి, "ఇదిగో!" అన్నట్టు చూపించింది.

నాకు ప్రాణం లేచొచ్చింది. "అక్కా, వెళ్ళి నిలబడండి, ఫోటో తీస్తాను. కొంచెం తల మీద కూడా చల్లుకుంటే సరిపోద్ది. పిల్లలకేం తెలుసు?"

అక్క ఆ గుట్టను చూసింది, నన్ను చూసింది. "ఇది గీకిందే అమ్మాయ్, పడింది కాదు. ఇంత దూరం వచ్చి, ఇంత ఖర్చుపెట్టి, అబద్ధం మోసుకెళ్ళనా పిల్లలకి?"

ఫోటో కోసం తీసిన ఫోనుని మళ్ళీ కోటు జేబులో పెట్టుకోబోయాను. సరిగ్గా అప్పుడే అది టింగుమంది. మస్కట్ నుంచి మా మలయాళీ సిస్టర్ వాట్సాప్. తెరిచాను. తెల్లటి కొండ, తెల్లటి రాళ్ళు, పొడుగు దిష్‌దాషా చొక్కాల మీద కంబళి కప్పుకుని నవ్వుతున్న ఒమానీ కుర్రాళ్ళు. కింద, "జెబెల్ షమ్స్ మీద మంచు! మీరెక్కడ?" అని ఉంది. జెబెల్ షమ్స్ అంటే ఒమన్‌లోనే, మస్కట్ నుంచి ఒక్క పూట ప్రయాణంలో ఉన్న పెద్ద కొండ.

ఫోను దాచేద్దామనుకున్నాను. అక్క అప్పటికే భుజం మీదుగా చూసేసింది. ఏడుస్తుందేమోనని భయపడ్డాను. ముందు ముక్కులోంచి చిన్న శబ్దం వచ్చింది. తర్వాత భుజాలు ఊగాయి. తర్వాత ఆవిడ ఆ ఐస్ గుట్ట మీద చెయ్యి ఆనించి మరీ, కళ్ళమ్మట నీళ్ళు కారేలా నవ్వింది. "పాతికేళ్ళే! పాతికేళ్ళు ఆ కొండ పక్కనే ఉన్నానే!" ఫోటో చూసి బామ్మ, "అరబ్? అరబ్?" అని రెండుసార్లు అడిగి, శిలువ గుర్తు వేసుకుని, తనూ నవ్వడం మొదలుపెట్టింది. ఎదురైనవాళ్ళని చూసి నవ్వకూడదని చెప్పాను గదా, ఆ రోజు మా ముగ్గుర్నీ చూసి దారినపోయే జనమంతా పక్కకి తప్పుకున్నారు.

మస్కట్‌లో దిగిన మర్నాడే ట్రావెల్స్ అన్నని పట్టుకున్నాం. గ్యారంటీ ఇచ్చిన పాపానికి తన ఫోర్‌వీల్ బండి తీసి, "నాకేమెరుక మేడమ్, ఆకాశం నా చేతిల ఉన్నదా?" అని దారి పొడుగునా గొణుగుతూనే నడిపాడు. సమాయిల్ అనే ఊళ్ళో ఆగి కరక్ చాయ్ తాగాం. ఎండ చురుక్కుమంటోంది. కోట్లు తెద్దామా అని అక్క పొద్దున అడిగితే, "మాస్కోలోనే పనికిరాలేదు, ఒమన్‌లో ఎందుకక్కా?" అని నేనే ఆపాను. కొండెక్కి బండి దిగామో లేదో, ఆ గాలి నా చుడీదార్‌ని కాదు, ఎముకల్ని పట్టుకుంది. పళ్ళు టకటకలాడుతుంటే చుట్టూ చూశాను. బూడిద రంగు రాళ్ళు, నాలుగు మేకలు. మంచంతా కరిగిపోయింది.

మేకవెంట్రుకల రగ్గులు నేసి అమ్మే ఒక ఒమానీ ముసలాయన మా అవస్థ చూసి దగ్గరికొచ్చాడు. అక్క ఆకాశం వైపు చెయ్యెత్తి, వేళ్ళు ఆడిస్తూ కిందికి దించి చూపించింది. ఆయనకి వెంటనే అర్థమైంది. "సల్జ్! తాలీ, తాలీ" అంటూ (మంచా, రండి రండి అని) ముందు నడిచాడు. ఎండ తగలని ఒక బండ కింద వంగి చూపించాడు. అక్కడ, పేషెంట్లకి భోజనం పెట్టే పళ్ళెమంత మేర, కొంచెం గట్టిపడి, ఇంకా ఉంది.

"పడిందేనా?" అని తెలుగులోనే అడిగింది అక్క. ఆయన వేలు పైకి చూపించాడు. అక్క ఆ రాళ్ళ మీద మోకాళ్ళూని, రెండు అరచేతుల్లోకీ ఎత్తుకుంది. పురిటి బిడ్డని ఎత్తుకునే తీరు నాకు తెలుసు, వందసార్లు చూశాను, అచ్చం అలాగే. నీళ్ళు వేళ్ళ సందుల్లోంచి కారిపోతున్నా చేతులు విప్పలేదు. ట్రావెల్స్ అన్న కూడా గొణుగుడు ఆపేసి టోపీ తీశాడు.

తర్వాతి శుక్రవారం పిల్లల ముందు నిలబడి అక్క ఇలా చెప్పింది: "చూశానర్రా. తెల్లగానే ఉంది. ఒక పక్కన మాత్రం రెండు మేక పెంటికలున్నాయి." రెండు జడల పిల్ల దీన్ని చాలా శ్రద్ధగా విని, తృప్తిగా తలూపింది. వేసవికి అక్క నరసాపురం వెళ్ళిపోయింది. విమానాశ్రయంలో నేను ఏడుస్తుంటే, "ఏడవకే, ఏసీలో ముక్కు పట్టేస్తుంది" అంది.

ఆ రోజు కొండమీద ముసలాయన నా ఫోనుతో తీసిన ఫోటో ఒకటుంది. సగానికి ఆయన బొటనవేలు అడ్డం. మిగతా సగంలో అక్క వీపు, ఆ పక్కన ఆయన దగ్గరే కొన్న రగ్గును నెత్తి నుంచి మడమల దాకా చుట్టుకుని, ముక్కు ఎర్రబడి, అయినా ఈ లోకంలో తనకి తెలియనిది లేదన్నట్టు నిలబడ్డ ఒక పాతికేళ్ళ పిల్ల. అప్పుడప్పుడూ ఆ ఫోటో తీసి చూస్తుంటాను. ఆ పిల్ల మీద కోపం రాదు, ముద్దొస్తుంది. రగ్గు ఇప్పటికీ మా సోఫా మీదే ఉంది. ఎన్నిసార్లు ఉతికినా మేక వాసన పోలేదు. పోవాలని నేనూ పెద్దగా ప్రయత్నించడం లేదు.