నేను దిద్దిన అత్తగారి కథ

వారమంతా బెంగళూరు ఎలక్ట్రానిక్ సిటీలో ఒక కంపెనీ కోసం శిక్షణ పాఠాలు రాసేవాణ్ణి. ఆదివారం పొద్దున మాత్రం యలహంకలో కథ రాయడం నేర్పేవాణ్ణి. ఒక తెలుగు సంఘం వాళ్లు తమ ఆఫీసు గది మాకు ఇచ్చారు. అప్పటికి నావి రెండు కథల పుస్తకాలు వచ్చాయి, ఎవరూ పెద్దగా చదవలేదు. ఆ సంగతి తరగతిలో ఎవరికీ తెలియదు. పాత్ర, నేపథ్యం, ఇతివృత్తం, సంఘర్షణ, దృష్టికోణం, ముగింపు అని బోర్డు మీద రాసి, వీటిలో ఏది లోపించినా అది కథ కాదని చెప్పేవాణ్ణి. అంత ధీమా నా సొంత కథల మీద నాకెప్పుడూ లేదు.

వచ్చేది ఎనిమిది మంది. ఏడుగురు సాఫ్ట్‌వేర్ వాళ్లు. ఎనిమిదో ఆమె దొడ్డబళ్ళాపురం నుంచి బస్సులో వచ్చేది. ముప్పై అయిదేళ్లుంటాయి. ఇంట్లో రెండు మరమగ్గాలుంటే ఒకటి ఆమె, ఒకటి ఆమె అత్త నడిపేవారు. భర్త లారీ మీద వెళ్తే పది రోజులకు గానీ వచ్చేవాడు కాదు. ఆమె బడిలో చదివింది కన్నడమే. తెలుగు చదవడం, రాయడం పెళ్లయ్యాక అత్త నేర్పింది. ఈ క్లాసు గురించి విని, వెళ్లమని పంపింది కూడా అత్తే.

ఆమె మొదటి కథ నాలుగు పేజీలు. ఒక కోడలికి మూడోసారి కడుపు పోతుంది. అత్త ఎవరికీ చెప్పదు, ఏడవదు. నలభై రోజులు కోడలి మగ్గం కూడా తానే నడుపుతుంది. రెండు మగ్గాల మధ్య అటూ ఇటూ తిరుగుతూ తెగిన పోగులు ముడేస్తూ ఉంటుంది. కరెంటు పోయి మగ్గాలు ఆగినప్పుడు వచ్చి కోడలి పక్కన కూర్చుంటుంది. అంతే కథ.

ఆమె చదవడం అయ్యాక, "సంఘర్షణ ఎక్కడుందమ్మా?" అన్నాను.

ఆమెకు అర్థం కాలేదు.

"ఇద్దరి మధ్య ఏదో ఒక పెనుగులాట ఉండాలి. మూడుసార్లు కడుపు పోయిన కోడల్ని ఏ అత్తయినా ఇంత బాగా చూస్తుందా? చదివేవాళ్లు నమ్మరు. ఆమె మనసులో కోపమో, కసో ఉండి ఉంటుంది కదా."

"ఏమీ లేదు సార్. ఆయమ్మ అట్లాంటిదే."

"జీవితంలో అట్లాంటిది కావచ్చు. కథలో కుదరదు."

ఏడుగురూ తలలూపారు. ఆమె కాగితాల మీద ఎర్ర పెన్నుతో నా సలహాలన్నీ రాశాను. 'ఆమె' బదులు 'నేను' అని రాస్తే గుండెకు తగులుతుందన్నాను. వీధి, ఇల్లు, మగ్గాలు, మనుషుల రూపురేఖలు ఉన్నవి ఉన్నట్టే ఉంచమన్నాను. నేపథ్యం నిజమైతే కల్పించినది కూడా నిజమనిపిస్తుందని నా సిద్ధాంతం.

మూడు వారాల తర్వాత తిరగరాసి తెచ్చింది. ఇప్పుడు అత్త పదో రోజునే కోడల్ని లేపి మగ్గం దగ్గరకు తోస్తుంది. "గొడ్డుదానా" అంటుంది. చివర కోడలు కత్తెర తీసుకుని మగ్గం మీది పడుగు నూలు మొత్తం కత్తిరించేస్తుంది. చదువుతున్నప్పుడు ఆమె గొంతు ఎక్కడా తడబడలేదు. ఏడుగురూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. ఆ రోజంతా సంతోషంగా ఉన్నాను. ఒక మనిషికి కథ రాయడం నేర్పానని అనుకున్నాను.

సంఘం వార్షిక సంచికలో కథలు ఎంచే పని నాదే. దాన్నే మొదటి కథగా వేయించాను, పక్కన ఆమె ఫొటో, ఊరి పేరుతో సహా.

సంచిక వచ్చిన వారానికి ఫోను చేసింది.

"మా అత్త చదివింది సార్."

"ఏమన్నారు?"

"ఏమీ అనలేదు. కరెంటు పోయినప్పుడు బీరువా మీద ఉంటే తీసి చదివింది. మళ్లీ మడిచి అక్కడే పెట్టింది. అప్పట్నించి సుమ్నే, ఊరికే అట్ల కూర్చోనుండాది. పక్కింటోళ్లు కూడా చదివినారు. నీళ్లకాడ ఒకామె మా అత్తనే అడిగింది, నిజంగా అట్ల చేసినావా అని."

"అది కథ అని చెప్పాల్సింది కదా."

"'నేను' అని ఉండాది కదా సార్," అంది.

మరుసటి ఆదివారం క్లాసు మానేసి వాళ్లింటికి వెళ్లాను. ముందుగదిలో మగ్గాలు రెండూ ఆగి ఉన్నాయి. పెద్దావిడ పీట మీద కూర్చుని కండెలకు నూలు చుడుతోంది. సన్నటి మనిషి. ముక్కుకు రెండువైపులా పుడకలు. కథలో అవి ఉన్నాయి.

"నువ్వేనా అప్పా పాఠం చెప్పేది?"

అవునన్నాను.

"కథ బాగుండాది. ఆ ముసలిదాన్ని చూస్తే నాకే భయమేసింది."

"అది మీరు కాదమ్మా. కథంటే కల్పన. నేనే అట్లా మార్చమన్నాను, తప్పు నాదే."

"కల్పనైతే నా ముక్కుపుడకలు ఎందుకు పెట్టినారు? నా మగ్గాలు ఎందుకు పెట్టినారు?" ఆమె గొంతు పెంచలేదు. "నా మనసు ఒగటి వద్దనుకున్నారు. మిగిలిందంతా నాదే తీసుకున్నారు."

కోడలు వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. నేను ఇంకేదో చెప్పబోయాను. పెద్దావిడ లోపలికి చూసి, "ఆయప్పకు కాఫీ ఇయ్యి," అంది. ఇచ్చింది. తాగాను. తాగకుండా లేచి వచ్చే ధైర్యం కూడా లేకపోయింది.

నెల తిరగకుండా పెద్దావిడ హిందూపురంలో కూతురి దగ్గరకు వెళ్లిపోయింది. గొడవేమీ పడలేదు. మోకాళ్ల నొప్పులని చెప్పిందట.

సంఘం కార్యదర్శిని కలిసి, ఆ కథలో సంఘటనలు జరిగినవి కావని వచ్చే సంచికలో ఒక మాట వేద్దామన్నాను. ఆయన నవ్వి, "కథకు సవరణేంటి సార్? ఈ ఏడాది అందరూ మెచ్చుకున్నది అదొక్కటే," అన్నాడు.

అప్పుడు కోడలు రాసిన మొదటి ప్రతి వెతికాను. నా సొరుగులోనే ఉంది. ఎర్ర సిరా కింద ఆమె రాత సరిగ్గా కనబడటం లేదు. మూడో పేజీలో నేను అడ్డంగా కొట్టేసి 'అనవసరం' అని రాసిన వాక్యం ఒకటుంది. కరెంటు పోయి ఇద్దరూ చీకట్లో కూర్చున్నప్పుడు అత్త ఒకే ఒక్కసారి, "నాకూ నలుగురు పోయినారు," అంటుంది. అని, కరెంటు రాగానే లేచి మగ్గం దగ్గరకు పోతుంది.

సంఘర్షణ ఎక్కడుందని అడిగింది నేను. నలభై రోజులు ఆ మనిషి నోరు మూసుకుని పడిన పెనుగులాట అంతా ఆ ఒక్క వాక్యంలో ఉంది. నాకు పెనుగులాటంటే ఇద్దరు కొట్టుకోవడమే. ఇరవై ఏళ్లుగా కథలు రాస్తున్నవాడికి అది కనబడలేదు. మగ్గం నడిపే ఆ కోడలికి, ఎవరూ చెప్పకుండానే తెలిసింది. తెలిసినదాన్ని నేను మరిపించాను.

పాత ప్రతిని టైపు చేసి, పత్రికకు పంపుతానని ఆమెకు ఫోను చేశాను.

"వద్దు సార్," అంది. "ఇప్పుడు దాన్ని వేస్తే, అదీ కథేలే అనుకుంటారు. అత్తకు జడిసి రాసినానంటారు."

ఆ తర్వాత ఆమె క్లాసుకు రాలేదు. రాయడం మానేసింది. నేను మాత్రం మానలేదు. ఇప్పటికీ ఆదివారాలు వెళ్తున్నాను, బోర్డు మీద ఆ ఆరు మాటలూ రాస్తున్నాను. మానేస్తే నాకు ఇంకేం మిగులుతుందో తెలియక.

మొన్న యలహంక బస్టాండులో ఆమె కనబడింది. హిందూపురం బస్సు కోసం నిలబడింది. నెలకొకసారి వెళ్లి అత్తను చూసి వస్తుందట.

"అత్తగారు ఎలా ఉన్నారు?" అన్నాను.

"బాగుండాది సార్. నేను పోతే చాప ఏస్తాది, మంచి గ్లాసులో నీళ్లిస్తాది. బోంచేసి పొమ్మంటాది." ఆమె బస్సు వచ్చే వైపు చూస్తోంది. "చుట్టాల్ని చూసినట్ల చూస్తాది."