వాల్వు బాబాయికి తెలియని జవాబు

మా వీధికి నీళ్లు వదిలే వాల్వు బాబాయిని మీరు చూసి తీరాలండీ! ఇనప కడ్డీ ఒక కొనను వాల్వు మీద, రెండో కొనను చెవికి ఆనించి, కళ్లు మూసుకుని పైపులో నీళ్ల చప్పుడు వింటాడు. ఇరవై ఏళ్లు మునిసిపాలిటీలో చేశాడు. పోయిన నెల నీళ్ల పైపులు ఒక కంపెనీ చేతికి వెళ్లాయి, వాటితోపాటు బాబాయీ వెళ్లాడు. మురుగు కాలువలు మాత్రం మునిసిపాలిటీకే మిగిలాయి. నిన్న పొద్దున కుళాయి నీళ్లు బాబాయి ముక్కుకు కాస్త మురుగు కంపు కొట్టాయి. ఆయన మునిసిపాలిటీకి ఫోన్ చేస్తే, "పగిలింది మీ పైపు కదయ్యా" అన్నారు. కంపెనీకి చేస్తే, "కలిసింది వాళ్ల మురుగు. నీళ్లు బాలేవని జనంతో అన్నావో, నీ ఉద్యోగం ఊడినట్టే" అన్నారు. బాబాయి బుర్ర గోక్కున్నాడు. వాల్వు కట్టేసి, ఇంటింటి తలుపూ కొట్టి, "ఇవాళ పట్టిన నీళ్లు తాగకండమ్మా" అన్నాడు.

"ఏం, విషం కలిపావా బాబాయ్?" అని నవ్వింది చంటిపిల్లను ఎత్తుకున్న మా వదిన. "పిల్లకి పాలపొడి కలిపేశాను. ఎందుకు తాగకూడదో చెప్పు ముందు." బాబాయి నోరు తెరిచాడు. కొత్త నీలం చొక్కా మీది కంపెనీ గుర్తును తడుముకున్నాడు. "నాకూ తెలీదమ్మా" అంటూనే పాలసీసా లాక్కుని గుమ్మంలో పారబోశాడు. వదిన ఇంకా తిడుతూనే ఉంది. మీరైతే ఆమెకు ఏం చెప్పేవారు?