రాయికి పళ్ళుండవు

మా రెండో తోడికోడలు కట్టుడు పళ్ళు చేస్తుంది. అవి డాక్టర్లే చేస్తారని చాలామంది అనుకుంటారు. డాక్టరు నోటి అచ్చు తీసి పంపుతాడు, అంతే. ఇంటి వెనక గదిలో కూర్చుని ఆ అచ్చులో ప్లాస్టర్ పోసి, మైనంతో చిగుళ్ళు దిద్ది, ఒక్కొక్క పన్నూ పేర్చి, ఉడికించి, రుద్ది, మెరుగుపెట్టేది ఆవిడ. ఆ గదిలో బల్ల మీద ఎప్పుడూ పది పన్నెండు దవడలు నోళ్ళు తెరుచుకుని ఉండేవి. "ఈయన్ని చూడక్కా, ఒట్టి కోపిష్టి. నిద్రలో కూడా పళ్ళు కొరుకుతాడు, ఎలా అరిగిపోయాయో చూడు" అనేది ఒక దవడను నా చేతికిచ్చి. మనిషిని చూడకుండానే మనిషి గుట్టు చెప్పేది. వెంట్రుకవాసి తేడా వస్తే తినేవాడికి ముద్ద దిగదు. అందుకని వెంట్రుకవాసి తేడా ఆవిడ కంటికి గోడలో బీటలా కనిపించేది.

తయారైన సెట్లు ఆసుపత్రులకు చేర్చడానికి ఆవిడ ఒక కరెంటు కారు కొనుక్కుంది. తెల్లది, బాగా నేలబారుది. "ఇది కారా, చెప్పులా?" అన్నారు మా అత్తగారు మొదటిసారి చూసి. దాని కడుపు కింద ఈ చివరి నుంచి ఆ చివరిదాకా పరుచుకుని ఉన్నది బ్యాటరీయే. స్టెప్నీ లేదు. పంక్చరైతే టైరులోకి ఎక్కించే జిగురు డబ్బా ఒకటి, గాలి కొట్టే చిన్న మోటారు ఒకటి డిక్కీలో పెట్టి ఇచ్చారు. చీలిక పెద్దదైతే ఆ జిగురు ఎందుకూ కొరగాదు.

మా ఆడపడుచు భర్త డ్రైవింగ్ స్కూలు నడుపుతారు. ఊళ్ళో సగం మందికి ఆయనే గురువుగారు. మంచి మాటకారి. పాఠం చెబుతూ కూర్చున్నవాళ్ళను నవ్వించకుండా వదిలిపెట్టరు. పైగా ఇంటి అల్లుడు. మా అత్తగారి దృష్టిలో అల్లుడు తప్పు చేశాడంటే తప్పుదే పొరపాటు.

ఒకరోజు ఆసుపత్రి ఆవరణలో మా తోడికోడలి కారు ముందు టైరు పూర్తిగా కూర్చుండిపోయింది. లోపల ఒక ముసలాయన పళ్ళు లేకుండా ఎదురుచూస్తున్నాడు. ఆవిడ గురువుగారికి ఫోన్ చేసి, తాళం కాపలావాడి చేతికిచ్చి లోపలికి వెళ్ళింది. గంట తరవాత వచ్చేసరికి స్కూలు నుంచి తెచ్చిన చక్రం బిగించి ఉంది. గురువుగారు చేతులు దులుపుకుంటూ, "అయిపోయింది చెల్లెమ్మా, నీకు తెలిసేలోపే" అన్నారు. ఆవిడ దణ్ణం పెట్టినంత పని చేసింది.

వారం తిరక్కుండా కారు వంతెన మీద ఆగిపోయింది. వర్క్‌షాపులో పైకెత్తి చూస్తే బ్యాటరీ అడుగు రేకు లోపలికి సొట్టపోయి ఉంది.

"రాయి తగిలిందమ్మా" అన్నాడు మెకానిక్.

ఆవిడ టార్చి తీసుకుని సొట్ట కిందికి వెళ్ళి చాలాసేపు చూసింది. గుండ్రంగా ఒక అచ్చు. అంచున మూడు గాట్లు. నాలుగో గాటు ఉండవలసిన చోట ఖాళీ.

"రాయికి పళ్ళుంటాయా బాబూ?" అంది.

టైరు కూర్చుండిపోయినప్పుడు కారు ఆ మూల ఇంకా కిందికి వంగుతుంది. జాకీ పెట్టవలసిన చోట అది దూరదు. గురువుగారు ముందు ఆ మూల పైకెత్తుకునే శ్రమ పడకుండా, కొంచెం సందున్న మధ్య భాగంలోకి జాకీ తోసి లేపారు. అంటే సరాసరి బ్యాటరీకి పోటు పెట్టారు. ఆవిడ ఆ సాయంత్రం ఇంట్లో అందరి ముందూ ఈ మాటే చెప్పింది.

గురువుగారు నొచ్చుకున్నట్టు ముఖం పెట్టారు. "ముప్ఫై ఏళ్ళుగా టైర్లు మారుస్తున్నాను చెల్లెమ్మా. ఎక్కడ పెట్టాలో నాకు తెలీదా? ఏ స్పీడ్ బ్రేకర్నో పరుగున ఎక్కించి ఉంటావు. కొత్త కదా, పోనీలే."

"నేను ఎక్కించలేదన్నయ్యగారూ."

"ఉపకారం చేసిన మనిషి మీదే నింద వేస్తావుటే?" అన్నారు మా అత్తగారు.

మా మరిది, అంటే ఆవిడ భర్త, పేపరు మడత పెట్టుకుంటూ, "కొన్నాళ్ళు నువ్వు నడపకు" అన్నాడు. కారు తాళం తీసి తన జేబులో వేసుకున్నాడు. గురువుగారు నవ్వి ఒక షరతు కూడా పెట్టారు: "టైరు పంక్చరైతే ఎవర్నీ పిలవకుండా తనంతట తాను మార్చుకున్ననాడు ఇద్దువుగాని బావా. మా గ్రౌండులోనే పరీక్ష పెడదాం. పిల్లలు కూడా చూస్తారు."

ఆవిడ నా వైపు చూసింది. నేను కంచాలు తీయడానికి లేచాను. ఆవిడ మాటను సగమే నమ్మాను. ఈ వయసులో అబద్ధం రాసి ఏం బావుకుంటాను?

మర్నాటి నుంచి పళ్ళ పెట్టె ఒళ్ళో పెట్టుకుని బస్సులో తిరగడం మొదలుపెట్టింది. అది ఒక ఎత్తు. ఒక ఆసుపత్రిలో నర్సు, "మీరేనా స్పీడ్ బ్రేకర్ మేడమ్?" అని అడగడం ఇంకో ఎత్తు. ఆ నర్సు డ్రైవింగ్ నేర్చుకుంటోంది. గురువుగారు ప్రతి బ్యాచ్‌లోనూ చెప్పే పాఠం ఒకటుందట: "మా చుట్టం ఒకావిడ, పళ్ళమ్మ, కారు కడుపు చీల్చేసి నేరం నా జాకీ మీద పెట్టింది." అందరూ పడీపడీ నవ్వేవారట. చేతి నాణ్యం మీద బతికే మనిషికి అంతకంటే పెద్ద దెబ్బ ఏముంటుంది? చూసి నడపలేని మనిషి నా నోట్లో పళ్ళేం పెడుతుందని రేపెవరైనా అనుకుంటే?

ఆవిడ ఏడవలేదు. పగబట్టింది. పగబట్టిన మనిషి అరుస్తుందనీ, శాపనార్థాలు పెడుతుందనీ అనుకునేదాన్ని. ఈవిడ మాత్రం కొలతలు తీసుకుంది.

మొదట వర్క్‌షాపుకు వెళ్ళి, పాత రేకు పారేయక ముందే, నోటి అచ్చు తీసే ముద్ద ఆ సొట్టలోకి వత్తి అచ్చు తీసుకుంది. తరవాత మా ఆడపడుచు ఇంటికి పలకరింపుగా వెళ్ళింది. ఆ ఇంటికే ఆనుకుని ఉన్న స్కూలు వరండాలోని జాకీ తలకాయ మీద మైనం అదిమింది. ఆ జాకీ తలకు అంచున నాలుగు పళ్ళుండాలి. ఒకటి ఊడిపోయి ఉంది. రెంటికీ ప్లాస్టర్ పోసింది. రెండు ముక్కల్నీ నా ముందు పెట్టి కలిపింది. పై దవడ, కింది దవడ కలిసినట్టు కలిశాయి.

"ఇంకేం, చూపించెయ్యి అందరికీ" అన్నాను.

"ఇంట్లో చూపిస్తే ఇంట్లోనే పూడ్చిపెడతారక్కా. ఆయన నవ్వించింది ఇంట్లో కాదు కదా."

అప్పుడు నా చేతిలో గడియారం పెట్టింది. "కంచాలు తీయడానికి లేచావు చూడు, ఆ రోజు. దానికి శిక్ష. ప్రతి ఆదివారం టైము చూడు."

అలా ఏడు నెలల ఆదివారాలు పొద్దుటే వాకిట్లో జరిగిన తతంగానికి నేను సాక్షిని. పాడైపోయిన అలాంటి కారుదే ఒక చక్రం వెతికి సంపాదించింది. నేలబారు కార్ల కిందికి దూరే పొట్టి జాకీ తెచ్చింది. మందమైన చెక్కలు రెండు వాలుగా చెక్కించింది. కూర్చున్న టైరును మెల్లగా ఆ చెక్క మీదకి ఎక్కిస్తే మూల రెండంగుళాలు లేచి, జాకీ దూరుతుంది. నిద్రమొహంతో మా మరిది వచ్చి కారు ఎక్కించి, తాళం తీసుకుని లోపలికి పోయేవాడు. ఆవిడ గోనెసంచి మీద వెల్లకిలా పడుకుని, కారుకు జాకీ పెట్టే నాలుగు చోట్లకీ నాలుగు అచ్చులు తీసింది. రోగి నోరు తెరిపించినట్టే, "ఆఁ, ఇంకొంచెం" అని దానితో మాట్లాడేది కూడా.

ఆ అచ్చులతో జాకీకీ కారుకీ మధ్య పెట్టే దిమ్మలు చేసింది. మొదటిది పళ్ళ చిగుళ్ళకు వాడే సరుకుతోనే పోసింది. బరువు పడగానే తుపాకీ పేలినట్టు పగిలింది. మా అత్తగారు జపమాల పట్టుకుని పరుగెత్తుకొచ్చారు.

"ఏమిటే ఆ చప్పుడు? ఎవరు పోయారు?"

"ఎవరూ పోలేదత్తయ్యా. ఇంకా."

తరవాత గట్టి రబ్బరు కోయించి, అచ్చుకు సరిపోయేదాకా అరగదీసి దిమ్మలు చేసుకుంది. మొదటిసారి చక్రం మార్చడానికి యాభై నిమిషాలు పట్టింది. చలికాలం వచ్చేసరికి ఇరవై. పానా మీద ఎక్కి నిలబడి బిగుసుకున్న నట్లు విప్పడం నేర్చుకుంది. ఒకసారి బొటనవేలి గోరు నల్లబడి ఊడింది. ఆ చేత్తోనే పళ్ళు పేర్చింది. పదకొండు నిమిషాలకు వచ్చిన రోజు, "అక్కా, అన్నయ్యగారికి ఫోన్ చెయ్యి. పరీక్షకు వస్తున్నానని చెప్పు. బ్యాచ్ నిండుగా ఉన్న రోజు చూడమను" అంది.

గ్రౌండులో బెంచీల మీద ఇరవై మందికి పైగా కూర్చున్నారు. గురువుగారు చేతులు బార్లా చాపారు. "ఈ రోజు క్లాసు మా చెల్లెమ్మ తీసుకుంటుంది. కడుపులు కాపాడుకోండి!" నవ్వులు.

ఆవిడ ముందు టైరు వాల్వు నొక్కి గాలంతా వదిలేసింది. మా మరిది తాళం ఇచ్చాడు. ఏడు నెలల తరవాత స్టీరింగ్ ముందు కూర్చుని, చెక్క మీదకి ఎక్కించింది. దిగగానే తాళం మళ్ళీ అతని జేబులోకి వెళ్ళింది. తరవాత దిమ్మ, జాకీ, పానా. నేను గడియారం చూస్తూనే ఉన్నాను. పదిన్నర నిమిషాలు. బెంచీల మీద ఎవరూ నవ్వడం లేదు. వెనక నుంచి ఒకావిడ చప్పట్లు కొట్టింది.

"భేష్! నా శిష్యురాలివనిపించావు చెల్లెమ్మా. బావా, తాళం ఇచ్చెయ్" అన్నారు గురువుగారు దర్జాగా.

అక్కడితో అయిపోయిందని మేమంతా అనుకున్నాం. ఆవిడ అవతలి వైపుకు వెళ్ళి ఇంకో టైరు గాలి వదిలేసింది.

"శిష్యురాలు చేసింది చూశారు. గురువుగారు చేస్తే కూడా చూడాలి కదా. మీ జాకీతోనే, అన్నయ్యగారూ. ఆ రోజు ఆసుపత్రిలో చేసినట్టే."

ఇరవై మంది ముందు ఆయన ఎలా కాదంటారు? జాకీ తెప్పించారు. టైరు పక్కన తోశారు, దూరలేదు. ఇటు తోశారు, అటు తోశారు. ఆవిడ చెక్కలు అక్కడే పడి ఉన్నాయి. వాటి వైపు చూశారు గాని అడగడానికి మనసొప్పలేదు. చివరికి చెమట తుడుచుకుని, మధ్యలో కాస్త సందున్న చోటికి జాకీని జరిపి లోపలికి నెట్టారు.

"అక్కడేనా? సరిగ్గా చూసుకున్నారా?" అంది ఆవిడ.

"ముప్ఫై ఏళ్ళ చెయ్యమ్మా ఇది."

"అయితే ఆ చెయ్యి తియ్యకండి."

ఆవిడ సంచిలోంచి ప్లాస్టర్ ముక్కలు రెండూ తీసి ముందు బెంచీలోని అమ్మాయికి ఇచ్చింది. "ఇది నా బ్యాటరీకి పడ్డ సొట్ట. ఇది ఒక జాకీ తల. కలిపి చూడమ్మా."

ఆ అమ్మాయి కలిపింది. టక్కున కూర్చున్నాయి. చేతులు మారుతూ అవి చివరి బెంచీదాకా వెళ్ళాయి. ఒక కుర్రాడు లేచి వచ్చి, వంగి కారు కిందికి చూశాడు. "సార్, మీ జాకీకి కూడా ఓ పన్ను లేదు సార్" అన్నాడు అమాయకంగా.

గురువుగారు నేల మీద మోకాళ్ళ మీదే ఉన్నారు. చెయ్యి ఇంకా జాకీ పిడి మీదే ఉంది. గొంతు తగ్గించి, "పొరపాటైంది చెల్లెమ్మా" అన్నారు.

"నాకు వినబడింది. వాళ్ళకు వినబడలేదు."

ఆయన లేచి నిలబడి చెప్పారు. జాకీ దూరక మధ్యలో పెట్టానన్నారు. టప్‌మని చప్పుడైందన్నారు. కిందికి వంగి చూడకుండానే ఆ సంగతి దాచానన్నారు. స్పీడ్ బ్రేకర్ అబద్ధమన్నారు. మా మరిది తల వంచుకుని తాళం ఆవిడ చేతిలో పెట్టాడు. ఆవిడ తీసుకుంది గాని అతని ముఖం వైపు చూడలేదు.

దారిలో, "తృప్తేనా?" అని అడిగాను.

"ఆయన ఆ కథ చెప్పింది ఆరు బ్యాచులకక్కా. ఇది ఒకటి. ఇంకా ఐదున్నాయి."

నిజంగానే ఐదు బ్యాచుల వాళ్ళనూ పిలిపించింది. ఆయన చెప్పకపోతే ప్లాస్టర్ ముక్కలు పట్టుకుని తానే చెబుతానంది. నేర్చుకోవడం అయిపోయినవాళ్ళకు కబురు పంపించింది. మా ఆడపడుచు వచ్చి బతిమాలింది. "చాల్లే వదినా, ఆయన సరిగ్గా అన్నం కూడా తినడం లేదు."

"పళ్ళు నొప్పేమో, రమ్మను. చూస్తాను."

మా అత్తగారు మాట్లాడటం మానేశారు. మా మరిది క్షమాపణ అడిగాడు. విని దవడల గదిలోకి వెళ్ళిపోయింది. నాకు కూడా ఒక దశలో ఆయన మీద జాలేసింది. ఆ మాటే అన్నాను. "ఏడు నెలలు నేను బస్సులో వెళ్ళాను. ఆయన అరగంట నిలబడితే నీకు జాలా?" అంది.

చివరి బ్యాచ్ రోజు నేనూ వెళ్ళాను. ఆవిడ వెనక బెంచీలో నిటారుగా కూర్చుంది. గురువుగారు బాగా చిక్కారు. ఆరోసారి కావడంతో ఆ మాటలు నోటికొచ్చేశాయి. గబగబా ఒప్పజెప్పి, చివర్లో కొంచెం నవ్వు కూడా కలిపి, "అదండీ సంగతి" అని ముగించారు. ఒకరిద్దరు నవ్వారు.

వెనక నుంచి ఆవిడ గొంతు నెమ్మదిగా వినిపించింది.

"అన్నయ్యగారూ, చప్పుడు సంగతి వదిలేశారు."

ఆయన గొంతు సవరించుకుని మళ్ళీ మొదటి నుంచి చెప్పడం మొదలుపెట్టారు.